ఉప్పు వేసేకొద్దీ పలచబడిన హ్యాండ్‌వాష్: 1 మోల్, 2 మోల్ ఎస్‌ఎల్‌ఇఎస్ తేడాపై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

హైదరాబాద్ శివారు పారిశ్రామిక వాడలో ఉన్న ఒక చిన్న యూనిట్ కేసు ఇది. లిక్విడ్ హ్యాండ్‌వాష్ తయారుచేసి 5 లీటర్ల క్యాన్లలో హోటళ్లకు, హాస్టళ్లకు, జిల్లాల్లోని డీలర్లకు పంపుతారు. 500 కిలోల స్టీల్ ట్యాంకు, నెమ్మదిగా తిరిగే యాంకర్ స్టిరర్, పీహెచ్ మీటర్, చిక్కదనం కొలిచే బ్రూక్‌ఫీల్డ్ తరహా విస్కోమీటర్, టైట్రేషన్ చేయగల చిన్న ల్యాబ్ ఉన్నాయి. ఈ స్థాయి యూనిట్లలో ఇంత సరంజామా ఉండటం అరుదు. కేసు తేలడానికి అదే అక్కరకొచ్చింది.

ఫార్ములా చాలామంది వాడేదే. 500 కిలోల బ్యాచ్‌కు 70 శాతం ఎస్‌ఎల్‌ఇఎస్ పేస్ట్, అంటే సోడియం లారైల్ ఈథర్ సల్ఫేట్ అనే సర్ఫక్టెంట్ (నురగనిచ్చి మురికి వదిలించే పదార్థం), 60 కిలోలు. దానికి తోడుగా వేసే మరో సర్ఫక్టెంట్, 30 శాతం కోకమిడోప్రొపైల్ బీటైన్, 20 కిలోలు. డైసోడియం ఈడీటీఏ అర కిలో, పెర్ఫ్యూమ్ కిలోన్నర, ఉప్పు 11 కిలోలు. ఇవి కాక ప్రిజర్వేటివ్, రంగు, పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్యకు తేవడానికి సిట్రిక్ యాసిడ్. మిగతాదంతా నీళ్లు. 25 డిగ్రీల దగ్గర, 4వ నంబరు స్పిండిల్‌తో, 20 ఆర్‌పీఎం మీద చిక్కదనం 1800 నుంచి 2200 సెంటీపాయిజ్ రావాలి. ఎస్‌ఎల్‌ఇఎస్ సరఫరాదారు మారేదాకా ఆ అంకెలు తేడా లేకుండా వచ్చేవి.

ఎదురైన సమస్య

కొత్త సరఫరాదారు డ్రమ్ముల మీద కూడా పాత డ్రమ్ముల మీద ఉన్నట్టే ‘ఎస్‌ఎల్‌ఇఎస్ 70%’ అనే ఉంది. ధర కాస్త తక్కువ. అదే ఫార్ములాతో చేసిన మొదటి బ్యాచ్‌కే చిక్కదనం 700 సెంటీపాయిజ్ దాటలేదు. అలవాటు ప్రకారం ఆపరేటర్ ఇంకో 2 కిలోల ఉప్పు కలిపాడు. ఇంకా పలచబడింది. మరో 2 కిలోలు వేసేసరికి నీళ్లలా అయి, మబ్బు పట్టింది. “ఉప్పు వేస్తే చిక్కబడాలి కదా సార్, ఇదేంటి ఇలా కారిపోతోంది” అని అతను అడిగిన ప్రశ్నలోనే కేసు మొత్తం ఉంది.

రెండో ఫిర్యాదు ఆదిలాబాద్ వైపు డీలర్ల నుంచి వచ్చింది. చలికాలం తెల్లవారుజామున క్యాన్లలో సరుకు పాలలా తెల్లబడుతోందని, ఎండెక్కాక మామూలుగా అవుతోందని చెప్పారు. యూనిట్ వాళ్లు ఈ రెండింటికీ మూలం ఒకటేనని, ‘ఎస్‌ఎల్‌ఇఎస్ నాసిరకం’ అని తేల్చేశారు. మూలం ఒకటే, అంతవరకు సరైనదే. కానీ సరుకు నాసిరకం కాదు. పైగా రెండు ఫిర్యాదుల వెనక జరుగుతున్న పని ఒకటి కాదు.

ముందు ఏం చేసి చూశారు

మొదటి అనుమానం బోరు నీళ్ల మీదకు పోయింది. ఇది అర్థంలేని అనుమానం కాదు. కాల్షియం, మెగ్నీషియం అయాన్లకు రెండేసి ఆవేశాలు ఉంటాయి కాబట్టి ఎస్‌ఎల్‌ఇఎస్ అణువులో నీటిని కోరే కొసలైన సల్ఫేట్ తలలను సోడియం కన్నా గట్టిగా పట్టుకుంటాయి. గట్టి నీళ్లలో తక్కువ ఉప్పుకే చిక్కదనం రావడం, ముందుగానే దిగిపోవడం మామూలు విషయమే. అదే ఫార్ములాను డీమినరలైజ్డ్ నీళ్లతో, అంటే లవణాలు తీసేసిన నీళ్లతో, బీకర్‌లో చేసి చూస్తే రీడింగ్ దాదాపు అక్కడే ఉంది. దాంతో నీళ్లను పక్కన పెట్టారు.

తరువాత ఒక బ్యాచ్‌లో 1 శాతం సీడీఈఏ, అంటే కోకనట్ డైఈథనాలమైడ్, కలిపారు. చిక్కదనం కోసం మార్కెట్‌లో అందరూ వాడేది అదే. ఇక్కడ మాత్రం మరింత పలచబడింది. ఇంకో బ్యాచ్‌లో కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ పౌడర్ 0.3 శాతం, నేరుగా తయారైన సరుకులోకే చల్లారు. అప్పటికే ఉప్పుతో నిండిన ద్రవంలో ఆ పౌడర్ సరిగా నానలేదు. కప్పగుడ్లలాంటి ఉండలు తేలాయి. నానినంత మేరకు చిక్కబడినట్టే కనిపించి, కొన్నాళ్లకు క్యాన్ అడుగున ఒక పొర విడిపోయింది.

అదనపు ఉప్పు, సీడీఈఏ, సెల్యులోజ్ పౌడర్, ఈ మూడు ప్రయత్నాల వెనకా ఒకే ఊహ ఉంది: చిక్కదనం తగ్గింది కాబట్టి చిక్కబరిచేది ఏదో చాలడం లేదు. ఆ ఊహను పరీక్షించడమే తొలి పని కావాల్సింది. అందుకు ఖర్చేమీ లేదు, కాసిని నీళ్లు చాలు.

నీళ్ల పరీక్ష

కేసు మా చేతికి వచ్చాక, పలచబడిన సరుకు నాలుగు బీకర్లలో 100 గ్రాముల చొప్పున తీసుకున్నాం. ఒకదానికి ఏమీ కలపలేదు. మిగతా వాటికి 10, 20, 40 గ్రాముల డీమినరలైజ్డ్ నీళ్లు కలిపి, నురగ రాకుండా గాజుకడ్డీతో తిప్పాం. ఉప్పు చాలక పలచబడిన సరుకైతే నీళ్లు పోసేకొద్దీ ఇంకా పలచబడాలి. ఇక్కడ 10 గ్రాములకు మబ్బు విడిపోయింది. 20 గ్రాములకు గాలి బుడగలు పైకి రావడం నెమ్మదించింది. 40 గ్రాముల బీకర్‌లో కడ్డీ పైకెత్తితే ద్రవం తీగలా సాగి, తెగి, వెనక్కి ముడుచుకుంది. బుడగలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

నీళ్లు పోస్తే చిక్కబడిందంటే ఉప్పు తక్కువ కాలేదు, ఎక్కువైంది. ఉప్పు పెరిగేకొద్దీ చిక్కదనం ముందు పెరిగి, ఒక శిఖరం చేరి, తరువాత పడిపోతుంది. ఆ ఉప్పు వక్రరేఖలో సరుకు శిఖరం దాటి అవతలి వాలులో పడి ఉంది. అయితే ఉప్పు మోతాదు మార్చలేదు, ముందు వేసిందీ 2.2 శాతమే. కాబట్టి కదిలింది శిఖరం. శిఖరం ఎక్కడుండాలో నిర్ణయించేది సర్ఫక్టెంట్ అణువు నిర్మాణం.

అణువు వైపు నుంచి

నీళ్లలో సర్ఫక్టెంట్ అణువులు ఏ ఆకారంలో గుమికూడతాయో అంచనా వేయడానికి శాస్త్రవేత్తలు ఇజ్రాయెలాచ్‌విలి, మిచెల్, నిన్‌హామ్ 1976లో ప్రతిపాదించిన ప్యాకింగ్ పరామితి నేటికీ బాగా పనికొస్తుంది. అణువులో నీటికి దూరంగా జరిగే కార్బన్ గొలుసు తోక, నీటిని కోరే కొస తల. తోక ఘనపరిమాణాన్ని తోక గరిష్ఠ పొడవుతో, ఉపరితలంలో ఒక్కో తల ఆక్రమించే వైశాల్యంతో భాగిస్తే వచ్చే అంకె అది. 1/3 లోపు ఉంటే గుండ్రటి మిసెల్స్, అంటే తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టుకున్న అణువుల గుంపులు. 1/3 నుంచి 1/2 దాకా కడ్డీలు, పొడవాటి తీగల్లాంటి మిసెల్స్. 1/2 నుంచి 1 దాకా పొరలు, పొర చుట్టుకుని ఏర్పడే తిత్తులు (వెసికిల్స్). 1 దాటితే తలకిందులైన నిర్మాణాలు.

పన్నెండు కార్బన్ల తోకకు టాన్‌ఫోర్డ్ సూత్రాల ప్రకారం ఘనపరిమాణం 27.4 + 26.9×12, అంటే దాదాపు 350 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పదికోట్లో వంతు). గరిష్ఠ పొడవు 1.5 + 1.265×12, అంటే 16.7 ఆంగ్‌స్ట్రామ్‌లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 21 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లు. ఇక తల వైశాల్యం 63 కన్నా ఎక్కువైతే గోళం, 63 నుంచి 42 దాకా కడ్డీ, 42 కన్నా తగ్గితే పొర. ఒక విషయం గమనించండి. తోకలో కార్బన్లు పెరిగితే ఘనపరిమాణం, పొడవు రెండూ కలిసే పెరుగుతాయి కాబట్టి ఈ 21 పెద్దగా కదలదు. ఒంటి తోక అణువుల్లో ఆకారాన్ని తేల్చేది ప్రధానంగా తలే. అదే రెండు తోకలుంటే పొడవు మారకుండా ఘనపరిమాణం రెట్టింపవుతుంది. బట్టల సాఫ్ట్‌నర్లలో వాడే రెండు తోకల క్యాటయానిక్‌లు, అంటే ధనావేశపు తల ఉన్న సర్ఫక్టెంట్లు, పొరలు కట్టేది అందుకే.

తల వైశాల్యం స్కేలు పెట్టి కొలిచే స్థిరమైన పరిమాణం కాదు. పక్కపక్క తలలు ఒకదాన్నొకటి ఎంతగా నెట్టుకుంటున్నాయో దాన్ని బట్టి తేలే సమతౌల్యం. సల్ఫేట్ తలలన్నింటికీ రుణావేశమే, అందుకే ఎడం కోరుకుంటాయి. ఉప్పు వేస్తే సోడియం అయాన్లు ఆ వికర్షణను కప్పేస్తాయి. తలలు దగ్గరవుతాయి, వైశాల్యం తగ్గుతుంది, గోళాలు కడ్డీలవుతాయి, కడ్డీలు మైక్రాన్ల పొడవున తీగలవుతాయి. ఆ తీగలు ఉడికిన సేమ్యాలా ఒకదాంట్లో ఒకటి చిక్కుకుంటాయి. హ్యాండ్‌వాష్ చిక్కదనమంటే ఆ చిక్కుముడులే. ఉప్పుకు స్వతహాగా చిక్కబరిచే గుణమేమీ లేదు.

ఇంకా ఉప్పు వేస్తే వైశాల్యం ఇంకా తగ్గుతుంది. అప్పుడు తీగ చివరనుండే అర్ధగోళపు మూతల కన్నా కొమ్మలు చీలే కూడళ్లు అణువులకు సుఖంగా ఉంటాయి. తీగలు వల కట్టడం మొదలవుతుంది. వల కడితే గట్టిపడాలి కదా అనిపిస్తుంది. కానీ ఇవి రసాయన బంధాలతో బిగిసిన కూడళ్లు కావు. తీగ వెంట జారగలవు, జారి ఒత్తిడిని వదిలేయగలవు. అందుకే శిఖరం దాటాక చిక్కదనం పడిపోతుంది. మరికొంత ఉప్పుకు ఆ వల ముడుచుకుని, సర్ఫక్టెంట్ ఎక్కువున్న పొర ఒకటి, ఉప్పునీటి పొర ఒకటిగా విడిపోయే దిశకు వెళుతుంది. ట్యాంకులో కనిపించిన మబ్బు దానికి మొదలు.

ఇక సీడీఈఏ. ఆవేశం లేని తల, వచ్చి రెండు సల్ఫేట్ తలల మధ్య కూర్చుంటుంది. వాటి మధ్య వికర్షణ తగ్గి, సగటు వైశాల్యం పడిపోతుంది. అంటే ఉప్పు చేసే పనినే అది వేరే దారిలో చేస్తుంది. శిఖరానికి ఇవతల ఉన్న సరుకును చిక్కబరుస్తుంది, అవతల ఉన్నదాన్ని ఇంకా కిందికి తోస్తుంది. బీటైన్‌దీ ఇదే వరస, దాని నత్రజని మీది ధనావేశం సల్ఫేట్‌ను దగ్గరికి లాగుతుంది. పైగా 30 శాతం బీటైన్‌లో తయారీలో మిగిలే ఉప్పు 5 శాతం దాకా ఉంటుంది. ఈ ఫార్ములాలో 4 శాతం బీటైన్‌తో లెక్కలోకి రాని 0.2 శాతం ఉప్పు లోపలికి వస్తోంది.

ఎన్ని మోల్స్?

ఎస్‌ఎల్‌ఇఎస్‌లో ‘ఇ’ అంటే ఈథర్. తోకకు, సల్ఫేట్‌కు మధ్య ఇథిలీన్ ఆక్సైడ్ యూనిట్లు ఉంటాయి. వాటి సగటు సంఖ్యనే మార్కెట్‌లో 1 మోల్, 2 మోల్, 3 మోల్ అంటారు. ఒక్కో యూనిట్ నీటి అణువులను పట్టుకుని తలకు ఒళ్లు పెంచుతుంది. 2 మోల్ అణువుల తలలను దగ్గరకు తేవడానికి ఎక్కువ ఉప్పు కావాలి, శిఖరం కుడివైపుకు జరుగుతుంది, ఎత్తు తగ్గి వెడల్పవుతుంది. 1 మోల్‌కు శిఖరం ఎడమకు, ఎత్తుగా, కొండకొమ్ములా వస్తుంది. ఇది సగటు మాత్రమే అన్నది మరవకూడదు. 1 మోల్ డ్రమ్ములో ఒక్క ఇథిలీన్ ఆక్సైడ్ కూడా లేని మామూలు లారైల్ సల్ఫేట్ గణనీయంగా ఉంటుంది. చలికాలపు ఫిర్యాదు దగ్గర ఇది మళ్లీ అవసరమవుతుంది.

కొత్త డ్రమ్ములు 1 మోల్‌వని అనుమానించడానికి వక్రరేఖ దాకా పోనక్కర్లేదు. ల్యాబ్ రిజిస్టర్‌లోనే ఆధారం ఉంది. కొత్త సరుకు యాక్టివ్ మ్యాటర్, అంటే పేస్ట్‌లో అసలు సర్ఫక్టెంట్ వంతు, 79 శాతం అని రాసుకున్నారు. 70 చెప్పి 79 ఇచ్చారని కొనుగోలు విభాగం సంతోషించింది కూడా.

ఆ అంకె ఎలా వచ్చిందో చూద్దాం. రెండు పొరల టైట్రేషన్‌లో క్లోరోఫాం, మిశ్రమ సూచిక వేసి, బెంజిథోనియం క్లోరైడ్‌తో క్లోరోఫాం పొర గులాబీ రంగు పోయి బూడిద నీలంగా మారేదాకా టైట్రేట్ చేస్తారు. ఇది లెక్కపెట్టేది అణువులను, బరువును కాదు. బరువు కావాలంటే అణుభారంతో హెచ్చించాలి. ల్యాబ్ షీట్‌లో 2 మోల్‌కు సరిపోయే 384 స్థిరంగా ఉండిపోయింది. ఒక్కో ఇథిలీన్ ఆక్సైడ్ భారం 44 కాబట్టి 1 మోల్‌కు అణుభారం 340. నిజంగా 70 శాతం ఉన్న 1 మోల్ పేస్ట్‌లో గ్రాముకు 2.06 మిల్లీమోల్స్ ఉంటాయి. దాన్ని 384తో హెచ్చిస్తే 79 శాతం. రిజిస్టర్‌లోని అంకె అక్షరాలా అదే. అది అదనపు సరుకు కాదు, వేరే అణువు తన గుర్తింపు చెబుతోంది.

దీంతో ఇంకో సంగతీ బయటపడింది. బరువు ప్రకారం అదే 60 కిలోలు వేసినా, 1 మోల్‌తో అణువుల సంఖ్య 13 శాతం ఎక్కువ పడుతోంది. తల చిన్నదైంది, అణువులు పెరిగాయి, ఉప్పు మాత్రం పాతదే. శిఖరం దాటకుండా ఎలా ఉంటుంది?

సరఫరాదారును అడిగితే 1 మోల్ అనే ఒప్పుకున్నారు. వాళ్లు దాచిందేమీ లేదు, కొనుగోలు ఆర్డర్‌లో మోల్ సంఖ్య అడగనే లేదు. రెండింటికీ ఒకే క్యాస్ నంబరు (రసాయనాలను గుర్తించే నంబరు) ఉండొచ్చు కాబట్టి కాగితాలు చూసి కూడా తేడా పట్టలేం.

కొత్త వక్రరేఖ

ఉప్పును విడతలుగా ఒకే బీకర్‌లో కలుపుతూ పోతే ప్రతి విడతకూ సర్ఫక్టెంట్ శాతం తగ్గిపోతుంది, గాలి కూడా ఎక్కుతుంది. అలా గీసిన వక్రరేఖ నమ్మదగినది కాదు. ఇక్కడ పాటించిన పద్ధతి ఇది. ఉప్పు లేకుండా, నీళ్లు తగ్గించి గాఢమైన బేస్ చేసుకోవాలి. 200 గ్రాముల సరుకుకు పడే పేస్ట్ 24 గ్రాములు, బీటైన్ 8, ఈడీటీఏ 0.2, పెర్ఫ్యూమ్ 0.6, ప్రిజర్వేటివ్, సిట్రిక్ యాసిడ్ అన్నీ 175 గ్రాముల్లో ఉండేలా చూడాలి. పెర్ఫ్యూమ్ తప్పకుండా ఉండాలి, ఎందుకంటే అది మిసెల్ లోపలికి చేరి శిఖరాన్ని జరుపుతుంది. 25 శాతం ఉప్పు ద్రావణం విడిగా చేసుకోవాలి. అది దాదాపు సంతృప్త ద్రావణం, కాబట్టి గింజలు పూర్తిగా కరిగాయో లేదో చూసుకోవాలి. ఒక్కో బీకర్‌లో 175 గ్రాముల బేస్, దానికి ఉప్పు ద్రావణం, నీళ్లు కలిపి 25 గ్రాములు. ద్రావణం 2 గ్రాములు పెంచితే ఉప్పు 0.25 శాతం పెరుగుతుంది. 0 నుంచి 24 గ్రాముల దాకా పదమూడు బీకర్లు. రాత్రంతా మూతపెట్టి ఉంచి, గాలి పోయాక, 25 డిగ్రీల నీటితొట్టిలో గంటసేపు ఉంచి చూడాలి. తీగ మిసెల్స్ చిక్కదనం వేడికి బాగా పడిపోతుంది. మధ్యాహ్నపు షెడ్డు వేడిలో తీసిన రీడింగును ఉదయపు రీడింగుతో పోల్చడం వృథా.

1 మోల్‌కు 1 శాతం ఉప్పు దగ్గర 900 సెంటీపాయిజ్ వచ్చింది. 1.25 దగ్గర 2600, 1.5 దగ్గర 5200, 1.75 దగ్గర 3900, 2 దగ్గర 1700, 2.25 దగ్గర 600. పాత సరఫరాదారు దగ్గర తెప్పించిన 2 మోల్ నమూనాకు 2 శాతం దగ్గర 1300, 2.25 దగ్గర 2000, 2.5 దగ్గర 2900, 3 దగ్గర 3700. పాత ఫార్ములాలోని 2.2 శాతం ఉప్పు 2 మోల్‌కు ఎక్కే వాలులో చక్కగా సరిపోతుంది. 1 మోల్‌కు అదే 2.2 దిగే వాలు అడుగున పడుతుంది.

1 మోల్‌తోనే ఉప్పు 1.15 శాతానికి తగ్గించి కొనసాగవచ్చు, ఉప్పు ఆదా అవుతుంది అని యూనిట్ ప్రతిపాదించింది. ఆలోచించదగ్గ ప్రతిపాదనే. కానీ వాలు చూడాలి. లక్ష్యం దగ్గర 1 మోల్‌కు 0.1 శాతం ఉప్పు తేడా దాదాపు 680 సెంటీపాయిజ్ మారుస్తుంది, 2 మోల్‌కు 280 మాత్రమే. 500 కిలోల ట్యాంకులో 0.1 శాతమంటే అర కిలో. గోనెసంచి నుంచి తీసే ఉప్పులో ఉండే తేమే ఒక్కోసారి ఆ తేడా తెస్తుంది. ఇక్కడ అనుమతించిన పరిధి మొత్తం 400 సెంటీపాయిజ్. ఆ పరిధిలో నిలకడగా ఉండాలంటే వాలు తక్కువున్న అణువే కావాలి. అందుకే శాశ్వత ఫార్ములాకు 2 మోల్‌నే ఖాయం చేశాం. అప్పటికే కొన్న 1 మోల్ డ్రమ్ములను 1.15 శాతం ఉప్పుతో, ఉప్పును తూచిన ద్రావణంగా మాత్రమే వేస్తూ, వేసవి బ్యాచ్‌లలో వాడుకోమన్నాం.

పాడైన బ్యాచ్‌లు

15 కిలోల ఉప్పు పడిన బ్యాచ్‌లో ఉప్పు దాదాపు 3 శాతం. దాన్ని నీళ్లతో సరిచేస్తే చిక్కదనం వస్తుంది, కానీ సర్ఫక్టెంట్ శాతం పడిపోయి శుభ్రపరిచే శక్తి తగ్గుతుంది. అందుకే ఉప్పు లేని 1 మోల్ బేస్‌తో కలిపాం. 3ను 1.15కు తేవడానికి పాతది 38 పాళ్లు, కొత్తది 62 పాళ్లు. అంటే ట్యాంకుకు పాతది 190 కిలోలు, కొత్తది 310. బీకర్‌లో ముందు చూసి, తరువాతే ట్యాంకులో చేశాం.

సీడీఈఏ పడిన బ్యాచ్‌కు ఈ లెక్క నడవదు. సీడీఈఏ వల్ల శిఖరం ఇంకా ఎడమకు జరిగి ఉంటుంది, ఉప్పు శాతం ఒక్కదానితో అంచనా వేయలేం. పాతది పది నుంచి నలభై పాళ్ల దాకా బీకర్లలో చేసి, రీడింగ్ సరిపోయిన పాళ్లనే తీసుకున్నారు. సెల్యులోజ్ పౌడర్ చల్లిన బ్యాచ్ దక్కలేదు.

ట్యాంకులో ఉండలు

బ్యాచ్ నుంచి బ్యాచ్‌కు రీడింగులు ఊగడానికి ఇంకో కారణం కూడా దొరికింది. పని త్వరగా అవుతుందని పేస్ట్‌ను ముందు ట్యాంకులో వేసి, పైన నీళ్లు పోస్తున్నారు. 70 శాతం పేస్ట్ పొరల దశలో ఉంటుంది. పొర మీద పొర జారగలదు కాబట్టి అంత గాఢతలోనూ పంపుతో తోడవచ్చు. నీళ్లు పోస్తే 60 నుంచి 30 శాతం మధ్యలో అది షడ్భుజ దశలోకి వెళుతుంది. పొడవాటి కడ్డీలు కట్టెల మోపులా పేర్చుకుని కదలకుండా బిగిసిపోతాయి, కత్తితో కోయాల్సినంత గట్టి జెల్ అవుతుంది. 30 శాతం కిందికి వస్తేనే మళ్లీ పారే ద్రవం. మార్కెట్‌లో ఎస్‌ఎల్‌ఇఎస్ 70 గానో, 28 గానో దొరికి, 50 శాతంగా దొరకకపోవడానికి కారణం ఇదే.

పేస్ట్ మీద నీళ్లు పోస్తే మొత్తం పేస్ట్ ఈ జెల్ దశ గుండా నడవాలి. పైన జెల్ పొర కట్టిన ఉండలు అడుగున కూర్చుంటాయి, స్టిరర్‌కు అందవు. పైనుంచి తీసిన నమూనాలో సర్ఫక్టెంట్ తక్కువ చూపిస్తుంది, ఆ నమూనాను నమ్మి ఉప్పు వేస్తారు, రాత్రికి ఉండలు కరిగాక రీడింగ్ ఎక్కడికో పోతుంది. ఇప్పుడు క్రమం మార్చారు. ఫార్ములా నీళ్లలో మూడు వంతులు ముందు ట్యాంకులోకి వెళ్తాయి, 40 డిగ్రీల వేడితో. స్టిరర్ నెమ్మదిగా తిరుగుతుండగా పేస్ట్ చిన్న చిన్న ముద్దలుగా పడుతుంది, ఒకటి కరిగాక ఇంకొకటి. పూర్తయ్యాక అడుగు వాల్వ్ నుంచి నమూనా తీసి గాజుపలక మీద పూసి చూస్తే గరుకు తగలకూడదు. ఆ తరువాతే బీటైన్, పెర్ఫ్యూమ్, సిట్రిక్ యాసిడ్, మిగిలిన నీళ్లు. అన్నిటికన్నా చివర ఉప్పు ద్రావణం.

చలికి తెల్లబడటం

ఇది ఉప్పు ఎక్కువై వచ్చిన మబ్బు కాదు. ఆదిలాబాద్ ప్రాంతంలో చలికాలపు కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి పోతుంది. అయానిక్ (తలకు ఆవేశం ఉన్న) సర్ఫక్టెంట్‌కు క్రాఫ్ట్ ఉష్ణోగ్రత అని ఒకటుంటుంది, దాని కింద మిసెల్స్ నిలవవు, అణువులు స్ఫటికాలై బయటికొస్తాయి. స్వచ్ఛమైన సోడియం డోడెసైల్ సల్ఫేట్‌కు అది 16 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ఇథిలీన్ ఆక్సైడ్ చేరేకొద్దీ తలలు స్ఫటికంలో సర్దుకోలేవు కాబట్టి అది కిందికి దిగుతుంది, 2 మోల్‌కు సున్నా కన్నా తక్కువ. 1 మోల్ డ్రమ్ములో ఇథిలీన్ ఆక్సైడ్ లేని భాగం ఎక్కువ, పైగా ఉప్పులోని సోడియం స్ఫటికీకరణను ఇంకా తొందరపెడుతుంది.

రెండు మబ్బులను విడదీయడం సులువే. తెల్లబడిన క్యాన్ నమూనాను సీసాలో పోసి దీపానికి ఎదురుగా గిరగిరా తిప్పితే, స్ఫటికాలైతే పట్టుదారపు పోగుల్లా మెరుస్తూ సుడి తిరుగుతాయి. ఉప్పు మబ్బుకు ఆ మెరుపు ఉండదు, సరి సమానమైన మసక ఉంటుంది. ఆదిలాబాద్ నమూనాలో మెరుపు స్పష్టంగా ఉంది, 35 డిగ్రీల నీటిలో పెట్టగానే పోయింది. చలిప్రాంతాలకు వెళ్లే సరుకు ఇక 2 మోల్‌తోనే. ప్రతి బ్యాచ్ నమూనాను 5 డిగ్రీల ఫ్రిజ్‌లో 48 గంటలు ఉంచి చూశాకే పంపుతున్నారు.

ఈ కేసు నేర్పినవి

చిక్కదనం తగ్గితే మొదట వెతకాల్సింది చిక్కబరిచే మందు కోసం కాదు, వక్రరేఖలో సరుకు ఏ వైపున ఉందో చెప్పే ఆధారం కోసం. బీకర్‌లో పది గ్రాముల నీళ్లతో తేలే విషయాన్ని ట్యాంకులో రెండేసి కిలోల ఉప్పుతో, సీడీఈఏతో, సెల్యులోజ్ పౌడర్‌తో తేల్చుకోబోవడం వల్లే ఇక్కడ మూడు బ్యాచ్‌లు పాడయ్యాయి. ఉప్పు డబ్బా పక్కనే ఈ నీళ్ల పరీక్ష కాగితం అంటించి ఉండాలి.

కొనుగోలు ఆర్డర్‌లో యాక్టివ్ శాతంతో పాటు సగటు ఇథిలీన్ ఆక్సైడ్ మోల్స్, అణుభారం, తోకల్లో సీ12, సీ14 (పన్నెండు, పద్నాలుగు కార్బన్లవి) నిష్పత్తి రాయించుకోవాలి. ల్యాబ్ షీట్‌లో అణుభారం గడిని ఖాళీగా ఉంచి, ప్రతి లాట్‌కూ సరఫరాదారు చెప్పిన అంకెతో నింపాలి. టైట్రేషన్ ఫలితం లేబుల్ కన్నా 5 శాతం పైగా ఎక్కువొస్తే ఆ డ్రమ్మును వాడకముందే పక్కన పెట్టాలి. తక్కువొచ్చినప్పుడు అందరూ ఆగుతారు, ఎక్కువొచ్చినప్పుడు ఆగేవాళ్లు తక్కువ.

పని చేసే బిందువు ఎప్పుడూ శిఖరం మీద ఉండకూడదు. ఎక్కే వాలులో, శిఖరపు చిక్కదనంలో సగం దగ్గర ఉంటే ఆపరేటర్ చేయి అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు, ఉప్పు వేస్తే చిక్కబడుతుందన్న అతని అనుభవమూ నిజమవుతుంది.

కొత్త ఎస్‌ఎల్‌ఇఎస్ లాట్ వస్తే, బీటైన్ బ్రాండ్ మారితే, ముఖ్యంగా పెర్ఫ్యూమ్ మారితే పదమూడు బీకర్లూ అక్కర్లేదు, అయిదు చాలు: ఇప్పుడు వాడే ఉప్పు శాతం, దానికి పావు శాతం, అర శాతం అటూ ఇటూ. పెర్ఫ్యూమ్‌లోని కొన్ని ముడిపదార్థాలు తోకల మధ్య చేరి తీగలను పొడిగిస్తాయి, కొన్ని నూనెలు మిసెల్ గర్భంలోకి పోయి తీగను మళ్లీ గోళాలుగా తెంచేస్తాయి. నిమ్మ వాసన నుంచి మల్లె వాసనకు మారినప్పుడు 0.3 శాతం పెర్ఫ్యూమే చిక్కదనాన్ని సగానికి దించగలదు. అలాంటప్పుడు అయిదు బీకర్ల రీడింగులు చూడకుండా ట్యాంకులో ఉప్పు మోతాదు మార్చవద్దు.